కడుపులో దొరికిన రొమ్ము కణం: ఒక కేసు

ఆవిడను మొదటిసారి 2023 ఫిబ్రవరిలో ఓపీలో చూశాను. వయసు 54. భీమిలి వైపు తీరంలో ఒక చిన్న పల్లె. ఎండుచేపలు గంపకెత్తుకుని విశాఖ వచ్చి అమ్ముకుని సాయంత్రానికి తిరిగి వెళ్ళే మనిషి. భర్త పోయి చాలా ఏళ్ళయింది. కొడుకు వేటకు వెళ్తాడు. ఆసుపత్రికి కోడలు తోడు వచ్చింది. ఈ కేసు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు. గుర్తుపట్టే వివరాలు మాత్రం తీసేశాను.

"రెండు ముద్దలు తిన్నానంటే కడుపు నిండిపోతంది బాబూ. మూడోది దిగదు," అంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. మొదట గ్యాస్ అనుకుని మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుంది. తర్వాత ఊళ్ళో ఆర్‌ఎంపీ సెలైన్ ఎక్కించాడు. 58 కిలోల మనిషి 46కి దిగింది. నడుం నొప్పి కూడా ఉందని చెప్పింది. గంప మోసి మోసి వచ్చిందని ఆవిడ అనుకుంది, నేనూ అలాగే అనుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

అప్పటికే బయట ఎండోస్కోపీ చేశారు. పుండు లేదు, గడ్డ లేదు. గాలి పంపితే ఉబ్బాల్సిన కడుపు ఉబ్బలేదు. గోడలు తోలు సంచిలా బిగుసుకుపోయాయి. దీన్ని లినైటిస్ ప్లాస్టికా అంటాం. బయాప్సీ రిపోర్టులో "సిగ్నెట్ రింగ్ కణాలతో కూడిన కార్సినోమా, కడుపు" అని ఉంది. పొట్ట సీటీ స్కాన్‌లో కడుపు గోడ మొత్తం మందంగా ఉంది, అడుగున కొద్దిగా నీరు చేరింది. ఛాతీ స్కాన్ చేయలేదు.

రిపోర్టు, స్కాన్, ఎండోస్కోపీ మూడూ ఒకే మాట చెబుతున్నాయి: డిఫ్యూజ్ రకం కడుపు క్యాన్సర్. 1965లో లారెన్ చేసిన విభజన ఇప్పటికీ వాడతాం. గ్రంథుల ఆకారం నిలుపుకునేది ఇంటెస్టైనల్ రకం, కణాలు విడివిడిగా గోడలోకి పాకిపోయేది డిఫ్యూజ్ రకం. లాపరోస్కోపీతో లోపల చూసి, కీమో ఇచ్చి, వీలైతే కడుపు మొత్తం తీయించాలని ఫైల్లో రాశాను. ఆపరేషన్ ఖర్చుకని ఇంట్లో బంగారం కుదువ పెట్టినట్టు కోడలు తర్వాత చెప్పింది.

ఆ రోజు ఆవిడ పొట్ట పరీక్షించాను. మెడలో గ్రంథులు చూశాను. ఊపిరితిత్తులు వీపు వైపు నుంచి విన్నాను. రొమ్ములు పరీక్షించలేదు. ఓపీ నిండా జనం, పక్కన కోడలు, ఆవిడకు మొహమాటం. కారణాలు చెప్పాలంటే ఎన్నైనా ఉంటాయి. నిజం ఏమిటంటే, వచ్చిన రిపోర్టు మీద "కడుపు" అని ఉంది కాబట్టి నా చెయ్యి కడుపు దగ్గరే ఆగిపోయింది.

పాథాలజిస్టు ఫోన్

కడుపు క్యాన్సర్ ముదిరిన ప్రతి రోగికీ హెర్2 పరీక్ష చేయిస్తాం. హెర్2 ఒక గ్రాహకం, అంటే కణానికి కబురు అందించే ప్రోటీన్. దాని కోసం బయటి ల్యాబ్ నుంచి పారఫిన్ బ్లాకు, అంటే మైనంలో దాచిన బయాప్సీ ముక్క, తెప్పించి మా పాథాలజిస్టుకు పంపాను. మూడో రోజు ఆవిడే ఫోన్ చేసింది.

"డాక్టర్ గారూ, ఈ పేషెంటుకి రొమ్ములో ఏమైనా ఉందా?"

"లేదండీ, ఎందుకు?"

"అడిగారా?"

జవాబు చెప్పలేకపోయాను.

పాథాలజిస్టుకు అనుమానం ఎందుకు వచ్చిందో చెప్పాలి. ఈ కేసులో అందరికంటే ముందు సరిగ్గా చూసిన కన్ను ఆవిడదే. కడుపులోనే పుట్టిన క్యాన్సర్‌లో పై పొర గ్రంథుల్లో చాలాసార్లు ఏదో ఒక చెడు కనిపిస్తుంది. ఏళ్ళ తరబడి హెలికోబ్యాక్టర్ పైలోరీ వాపు, పేగు పొరలా మారిన చోట్లు, క్యాన్సర్‌గా మారబోతున్న గ్రంథులు, ఇలాంటివి. ఇక్కడ పై పొర శుభ్రంగా ఉంది. బ్యాక్టీరియా లేదు. చెడ్డ కణాలన్నీ ఆ పొర కింద, ఒకదాని వెనక ఒకటి చీమల బారులా వరుస కట్టి ఉన్నాయి. క్యాన్సర్ పై పొరలో పుట్టి కిందికి దిగినట్టు లేదు. రక్తం ద్వారానో లింఫ్ ద్వారానో కింది నుంచి వచ్చినట్టుంది. అలా బారులు కట్టే అలవాటు రొమ్ములోని లోబ్యులర్ కార్సినోమాది, అంటే పాలు తయారయ్యే తిత్తుల పేరుతో పిలిచే రొమ్ము క్యాన్సర్‌ది.

రెండూ ఎందుకు ఇంత ఒకేలా ఉంటాయి? పక్కపక్క కణాలను అతికించి ఉంచే జిగురు ఒకటుంది, పేరు ఈ-క్యాడ్‌హెరిన్. దాన్ని తయారుచేసే జన్యువు సీడీహెచ్1, 16వ క్రోమోజోము మీద ఉంటుంది. డిఫ్యూజ్ రకం కడుపు క్యాన్సర్లలో చాలావాటిలో, రొమ్ము లోబ్యులర్ క్యాన్సర్లో దాదాపు ఎప్పుడూ ఆ జిగురు పోతుంది. జిగురు పోయిన కణం గుంపుగా ఉండలేదు, ఒంటరిగా పాకుతుంది. లోపల శ్లేష్మం నిండి కేంద్రకం ఒక పక్కకు జరిగితే ఉంగరంలా కనిపిస్తుంది. సిగ్నెట్ రింగ్ అనే పేరు అలా వచ్చింది. తల్లిదండ్రుల నుంచి వచ్చే సీడీహెచ్1 లోపాన్ని 1998లో న్యూజిలాండ్‌లోని ఒక మావోరీ కుటుంబంలో కనుక్కున్నారు. ఆ లోపం ఉన్న ఆడవాళ్ళకు కడుపు క్యాన్సర్‌తో పాటు రొమ్ము లోబ్యులర్ క్యాన్సర్ ముప్పు కూడా ఉంటుంది. అంటే ఈ రెండింటి పోలిక పైపైది కాదు, వేరు దగ్గరే ఉంది.

మర్నాడు పేషెంటును పిలిపించాను. కోడలిని బయట కూర్చోబెట్టి, సిస్టర్‌ను లోపల ఉంచి, "అమ్మా, రొమ్ముకి ఎప్పుడైనా ఆపరేషన్ అయిందా?" అని అడిగాను. ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత కొంగు పక్కకు తీసింది. ఎడమ రొమ్ము లేదు. మచ్చ పాతబడి తెల్లగా మారింది.

"అదెప్పుడో అయిపోనాది కదా బాబూ. కడుపుకీ దానికీ ఏటి సంబంధం?"

2011లో ఆపరేషన్. అప్పటికి కూతురికి పెళ్ళి కాలేదు. తల్లికి క్యాన్సర్ అంటే సంబంధాలు రావని ఇంట్లో ముగ్గురికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తర్వాత వచ్చిన కోడలికీ చెప్పలేదు. కీమో అయ్యాక రోజుకొక తెల్ల మాత్ర ఐదేళ్ళు వేసుకోమన్నారు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చింది. ఇంటి రేకులెగిరిపోయి, ట్రంకు పెట్టెలోని కాగితాలన్నీ తడిసి ముద్దయ్యాయి. "చీటీ లేందే మాత్రలెలా అడగను బాబూ," అంది. ఆ మాత్ర ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అడ్డుకునే టామాక్సిఫెన్ అయి ఉండాలి. మూడేళ్ళు వేసుకుంది. ఆపరేషన్ చేసిన చోట విచారిస్తే అప్పటి బ్లాకు ఇప్పుడు లేదన్నారు. కాబట్టి పాత కణాన్నీ కొత్త కణాన్నీ పక్కపక్కన పెట్టి చూసే అవకాశం మాకు దొరకలేదు. కడుపు నుంచి తీసిన ముక్కతోనే తేల్చాలి.

రంగులు ఏం చెప్పాయి

కణాల్లో ఏ ప్రోటీన్లున్నాయో రంగు వేసి చూసే ఐహెచ్‌సీ పరీక్ష ఫలితాలు వారంలో వచ్చాయి. ఈఆర్ (ఈస్ట్రోజెన్ గ్రాహకం) 90 శాతం కేంద్రకాల్లో గాఢంగా, పీఆర్ (ప్రొజెస్టిరాన్ గ్రాహకం) 30 శాతం. రొమ్ము కణాల్లో ఎక్కువగా కనిపించే గాటా3 పాజిటివ్. సీకే7 పాజిటివ్. జీర్ణకోశం వైపు కణాల్లో ఎక్కువగా కనిపించే సీకే20, సీడీఎక్స్2 రెండూ నెగెటివ్. ఈ-క్యాడ్‌హెరిన్ లేదు. హెర్2 1+, అంటే నెగెటివ్.

వీటిలో ఏ ఒక్కటీ ఒంటరిగా తీర్పు చెప్పలేదు. సీకే20, సీడీఎక్స్2 నెగెటివ్ అయినంత మాత్రాన కడుపుది కాదని అనలేం, కొన్ని కడుపు క్యాన్సర్లలోనూ ఆ రెండూ ఉండవు. ఈ-క్యాడ్‌హెరిన్ లేకపోవడం రెండిట్లోనూ ఉండేదే. బరువంతా ఈఆర్, గాటా3ల మీద ఉంది. ఇంత గాఢంగా, ఇన్ని కణాల్లో, కేంద్రకంలోనే ఈఆర్ ఉండి, దానికి గాటా3 తోడైతే ఆ కణం రొమ్ముదే. దానికి మచ్చ తోడైంది. పన్నెండేళ్ళ కిందటి రొమ్ము క్యాన్సర్ కడుపులో బయటపడింది. రొమ్ము నాళాల్లో పుట్టే మామూలు రకం ఎక్కువగా ఎముకలకో ఊపిరితిత్తులకో కాలేయానికో వెళ్తుంది. లోబ్యులర్ రకానికి కడుపు, పేగులు, అండాశయాలు, పొట్ట లోపలి పొర అంటే మక్కువ. ఏళ్ళ తరబడి నిద్రపోయి లేవడం కూడా దాని స్వభావమే.

పెట్ స్కాన్‌లో కడుపు గోడ పెద్దగా వెలగలేదు. ఈ రకం కణాలు గ్లూకోజ్‌ను తక్కువగా లాగుతాయి, కాబట్టి అది చూసి మోసపోకూడదు. నడుం దగ్గర రెండు వెన్నుపూసల్లో మచ్చలున్నాయి. గంప మోసి వచ్చిన నొప్పి కాదది. కుడి రొమ్ము మామోగ్రామ్ బాగుంది. ఇంట్లో ఎవరికీ కడుపు క్యాన్సర్ లేదు. అయినా కూతురి కోసమని సీడీహెచ్1 రక్తపరీక్ష చేయించాం, లోపమేమీ కనిపించలేదు.

గ్రాహకం ఎక్కడుంది, ఎవరితో మాట్లాడుతోంది

ఇక్కడ కాస్త ఆగుతాను. చికిత్స మొత్తం దీని మీదే తిరిగింది.

ఈస్ట్రోజెన్ కొవ్వులో కరిగే చిన్న అణువు. కణం పొర దాటి లోపలికి వెళ్ళగలదు. లోపల దాని కోసం ఈఆర్ ఆల్ఫా అనే ప్రోటీన్ ఉంటుంది. 595 అమైనో ఆమ్లాల గొలుసు, బరువు సుమారు 66 కిలోడాల్టన్లు. హార్మోన్ వచ్చి కూర్చోగానే రెండు గ్రాహకాలు జంట కట్టి డీఎన్ఏ మీద తమ చోటు వెతుక్కుని కొన్ని జన్యువులను లేపుతాయి. వాటిలో మనకు ముఖ్యమైనది సైక్లిన్ డీ1. అది పెరిగితే సీడీకే4, సీడీకే6 అనే ఎంజైములు పనిలోకి దిగుతాయి. కణం విడిపోకుండా కాపలా కాసే ఆర్‌బీ ప్రోటీన్‌కు అవి ఫాస్ఫేట్లు తగిలిస్తాయి. కాపలా సడలుతుంది. ఈ2ఎఫ్ అనే ప్రోటీన్ బయటపడి డీఎన్ఏ కాపీ పని మొదలుపెడుతుంది. హార్మోన్ రావడం దగ్గర నుంచి కణం రెండయ్యే దాకా ఒక వరుసలో నడిచే కబురు ఇది. ఈవిడ కడుపు గోడలో ఉన్న కణాలు ఈ కబురు మీదే బతుకుతున్నాయి. వాటికి కడుపుతో చుట్టరికం లేదు, అక్కడ అద్దెకు ఉంటున్నాయంతే.

నిజమైన కడుపు క్యాన్సర్ కణంలో సంగతి వేరు. అదే ఏడాది గాజువాక వైపు నుంచి 61 ఏళ్ళ రిటైర్డ్ ఉద్యోగి ఒకాయన వచ్చారు. కడుపు కింది భాగంలో పుండు, ఇంటెస్టైనల్ రకం, పైలోరీ ఉంది, సీడీఎక్స్2 పాజిటివ్. బయటి ల్యాబ్ ఈఆర్ కూడా వేసి "5 శాతం, బలహీనం" అని రాసింది. ఆయన కొడుకు ఆ కాగితం పట్టుకుని, "సార్, ఈఆర్ పాజిటివ్ కదా. కీమో లేకుండా రొమ్ము క్యాన్సర్ వాళ్ళకిచ్చే మాత్రలు నాన్నకి ఇవ్వొచ్చు కదా?" అని అడిగాడు. తండ్రి కీమో తట్టుకోగలడా అని ఆ అబ్బాయికి చాలా టెన్షన్. ప్రశ్న న్యాయమైనదే.

ఈస్ట్రోజెన్‌కు కడుపుతో సంబంధం లేదని నేను అనను. కడుపు క్యాన్సర్ మగవాళ్ళలో ఆడవాళ్ళకంటే సుమారు రెండింతలు కనిపిస్తుంది. ఆ తేడాలో ఈస్ట్రోజెన్‌కూ పాత్ర ఉందన్న వాదన పాతదే. కడుపు కణాల్లో 1996లో కనుక్కున్న ఈఆర్ బీటా అనే మరో ఈస్ట్రోజెన్ గ్రాహకం కనిపిస్తుంది. 2005లో ఈఆర్ ఆల్ఫా 36 అనే పొట్టి రూపం బయటపడింది. అదే జన్యువు నుంచి వస్తుంది కానీ, జన్యువులను లేపడానికి కావలసిన రెండు భాగాలు, ఏఎఫ్1, ఏఎఫ్2, దానిలో ఉండవు. అందుకే అది ఎక్కువగా కణం పొర దగ్గర, సైటోప్లాజంలో ఉండి అక్కడి నుంచే ఈఆర్‌కే (ERK), ఏకేటీ (AKT) అనే కబురు దారులను నిమిషాల్లో కదిలిస్తుంది. కడుపు క్యాన్సర్ కణాల్లో దీన్ని చూశారు. ల్యాబ్ ప్రయోగాల్లో టామాక్సిఫెన్ ఈ పొట్టి రూపాన్ని ఆపకపోగా కొన్నిసార్లు ఉసిగొల్పింది. మనం రోజూ వాడే ఈఆర్ రంగు పూర్తి గ్రాహకం కేంద్రకంలో ఉందా లేదా చూడటానికి చేసినది. పొట్టి రూపం గురించి అది చెప్పలేదు.

కాబట్టి ఆ అబ్బాయికి ఇలా చెప్పాను: "రొమ్ములో ఈ గ్రాహకం ఇంటి యజమాని బాబూ. దాని నోరు మూస్తే ఇల్లంతా ఆగుతుంది. మీ నాన్నగారి కణంలో అది వీధిలో వెళ్ళే మనిషి. దాన్ని ఆపినా లోపల పని ఆగదు." కడుపు క్యాన్సర్‌లో టామాక్సిఫెన్ ప్రామాణిక చికిత్సగా నిలవలేదు. ఆయనకు ఆధారమైనది వేరే గ్రాహకం: హెర్2 3+ వచ్చింది. ఇది కణం పొరలో నిలబడే గ్రాహకం. తనకంటూ హార్మోన్ లేదు, తోటి గ్రాహకాలతో జంట కట్టి కబురు పంపుతుంది. కడుపు గ్రంథుల్లో ఈ రంగు చాలాసార్లు కణం పక్కలా అడుగునా మాత్రమే అంటుకుంటుంది, రొమ్ములోలా చుట్టూ గుండ్రంగా ఉండాలని పట్టుబడితే నెగెటివ్ అని పొరబడతాం. బయాప్సీలో ఐదు కణాల గుంపు గట్టిగా అంటినా చాలు. 2010లో వచ్చిన టోగా పరిశోధనలో కీమోకు హెర్2ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ కలిపితే సగటు బతుకుకాలం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. చిన్న లాభమే, కానీ నిజమైన లాభం. ఆయనకు ఆ చికిత్సే ఇచ్చాం.

ఒకరి కడుపులో ఈఆర్ కనిపిస్తే చికిత్స మొత్తం మారింది, మరొకరి కడుపులో కనిపిస్తే పక్కన పెట్టాం. కాగితం మీద ఇద్దరికీ "పాజిటివ్" అనే ఉంది.

చికిత్స

మా ట్యూమర్ బోర్డులో, అంటే కేసులు చర్చించే డాక్టర్ల సమావేశంలో, ఒకరు ముందు కీమో ఇద్దామన్నారు, ఆవిడ తినలేకపోతోంది కాబట్టి. ఆ వాదనలో బలం లేకపోలేదు. కానీ కాలేయం బాగుంది, ద్రవాలు దిగుతున్నాయి, నీరు కొద్దిగానే ఉంది. కబురు మీద బతికే కణానికి కబురు ఆపడమే మందని నేను వాదించాను. కడుపు తీసే ఆలోచన ఆ రోజే మానేశాం. రొమ్ము నుంచి వచ్చి ఎముకల్లో కూడా ఉన్న జబ్బుకు కడుపు తీసి లాభం లేదు.

లెట్రోజోల్ 2.5 మిల్లీగ్రాములు రోజూ. ముట్లు ఆగిన ఆడవాళ్ళలో ఈస్ట్రోజెన్ కొవ్వు కణజాలంలో తయారవుతుంది, ఆ తయారీని ఇది ఆపుతుంది. దానితో పాల్బోసిక్లిబ్ 125 మిల్లీగ్రాములు, 21 రోజులు వేసి 7 రోజులు ఆపాలి. ఇది సీడీకే4, 6లను పట్టుకుంటుంది. ఒకటి కబురు మొదటి మెట్టు దగ్గర, రెండోది చివరి మెట్టు దగ్గర. 2016లో వచ్చిన పలోమా-2 పరిశోధనలో ఈ జోడీతో జబ్బు అదుపులో ఉన్న కాలం 24.8 నెలలు, లెట్రోజోల్ ఒక్కటే అయితే 14.5. ఈవిడ ఒక ఏడాది ముందు వచ్చి ఉంటే ఈ మాట ఆవిడ ఇంట్లో చెప్పడానికి నాకు నోరొచ్చేది కాదు. 2023 జనవరిలో పేటెంట్ గడువు ముగిసి మన కంపెనీల జెనరిక్‌లు రావడంతో ధర బాగా దిగింది.

ఒక చిన్న విషయం, చిన్నదే అయినా అవసరం. పాల్బోసిక్లిబ్ క్యాప్సూల్ అన్నంతో పాటు వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వేసుకుంటే, పైగా యాసిడ్ తగ్గించే మాత్ర కూడా ఉంటే, సరిగ్గా ఒంటికి పట్టదు. ఈవిడ తినేది రెండు ముద్దలు, పైగా ఎనిమిది నెలలుగా పాంటోప్రజోల్ వేసుకుంటోంది. అందుకని తిండితో పని లేని టాబ్లెట్ రూపం రాశాం, పాంటోప్రజోల్ ఆపాం. ఎముకలకు జోలెడ్రోనిక్ యాసిడ్ మొదలుపెట్టాం, ముందు పళ్ళ డాక్టరుకు చూపించి. తిండి విషయంలో డైటీషియన్ రాసిచ్చిన పొడుల కంటే కోడలు కాచిన చోడి అంబలే ఎక్కువ పనిచేసింది. రెండు గంటలకోసారి గ్లాసెడు.

కోడలికి చెప్పాల్సి వచ్చింది. ఆవిడ తనే చెప్పుకుంటానంది. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. బయటికి వచ్చాక కోడలు నా దగ్గరికి వచ్చి, "ఇన్నాళ్ళూ తెల్లారగట్లే లేచి ఒక్కర్తే స్నానం చేసుకునేది సార్. ఎందుకో ఇప్పుడు తెలిసింది," అంది.

మొదటి కోర్సులో పదిహేనో రోజున తెల్ల కణాలు బాగా పడిపోయాయి. జ్వరం లేదు. పాల్బోసిక్లిబ్‌తో ఇది మామూలే, వారం ఆలస్యం చేసి రెండో కోర్సు నుంచి దాన్ని 100 మిల్లీగ్రాములకు తగ్గించాం. రెండో నెల చివర మూడో ముద్ద దిగింది. ఈ జబ్బులో స్కాన్ కంటే ముందు కబురు చెప్పేది అదే. ఆరో నెలకు 51 కిలోలు. నడుం నొప్పికి మాత్ర వేసుకోవడం మానేసింది. పదకొండో నెలలో ఎండోస్కోపీ చేస్తే గాలికి కడుపు ఉబ్బింది, గోడలో మడతలు విడిగా కనిపించాయి. బయాప్సీలో అక్కడక్కడ కొన్ని కణాలు మిగిలే ఉన్నాయి. కుదువ పెట్టిన బంగారం ఈలోగా విడిపించుకున్నారు.

ఇది నయమైనట్టు కాదని ఆవిడకు దాచకుండా చెప్పాను. లెట్రోజోల్ మీద ఎక్కువకాలం ఉన్న కణాల్లో కొన్ని ఈఆర్ ఆల్ఫాను తయారుచేసే ఈఎస్ఆర్1 జన్యువులో మార్పు తెచ్చుకుంటాయి. అప్పుడు హార్మోన్ రాకపోయినా గ్రాహకం తనంతట తానే కబురు పంపుతూ ఉంటుంది. ఆ రోజు వస్తే గ్రాహకాన్నే విరిచేసే ఫుల్వెస్ట్రాంట్ ఇంజెక్షన్ లాంటివి ఉన్నాయి. మొన్నటి స్కాన్ వరకు, అంటే ఇరవయ్యో నెలకు, జబ్బు కదలలేదు.

ఇప్పుడు సిగ్నెట్ రింగ్ కణాలున్న కడుపు బయాప్సీతో ఏ ఆడమనిషి వచ్చినా, వేరే గదిలో సిస్టర్‌ను పక్కన ఉంచి రొమ్ములు పరీక్షించాకే ఫైలు తెరుస్తున్నాను. అలాంటి బ్లాకులకు ఈఆర్, గాటా3 అడగకుండానే వేస్తానని పాథాలజిస్టు చెప్పింది. మా పేషెంటు కూతురు మొన్న మొదటిసారి మామోగ్రామ్ చేయించుకుంది. కాగితాలన్నీ కోడలు ఫోన్లో ఫొటోలు తీసి పెట్టింది. అసలు కాగితాలను రెండు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి బియ్యం డబ్బాలో దాచారట.